పెళ్లి ముందురోజు కట్టిన బండి

శనివారం పొద్దున ఎర్విన్ గుర్రానికి మేత వేసి వచ్చేసరికి వంటింట్లో వెర్నా రాత్రి చల్లార్చి ఉంచిన మొక్కజొన్న సంకటిని పలకలుగా కోసి పెనం మీద ఎర్రగా వేయిస్తోంది. వారంలో ఆయన తీరిగ్గా కాఫీ తాగే రోజులు రెండే. మిగతా రోజులన్నీ తెల్లవారుజామున నాలుగింటికే ఫ్యాక్టరీ వ్యాను వీధి మలుపులో ఆగుతుంది. యాభై ఏడేళ్ల మనిషి. ముప్పై ఒక్క ఏళ్లుగా మోటార్ హోములకు కప్పులు వేస్తున్నాడు. మిడిల్‌బరీ చుట్టుపక్కల కారూ కరెంటూ వద్దనుకుని పాతకాలం పద్ధతిలో బతికే ఆమిష్ క్రైస్తవుల ఇళ్లలో సగంమంది మగవాళ్లది అదే పని. సొంతానికి గుర్రపు బగ్గీ తప్ప ఎరగరు గానీ దేశానికంతటికీ చక్రాల మీద ఇళ్లు కట్టి పంపుతారు.

"మీ అక్కావాళ్లు పదింటికల్లా వస్తారట. వీధి చివర ఫోను గదిలో కబురు రికార్డయి ఉంది," అంది వెర్నా.

"ఇంకా అక్టోబరన్నా సగం కాలేదు. చలికాలానికి అప్పుడే టెక్సాస్ బయల్దేరారా?"

"ఏమో మరి. గొంతు మాత్రం సరదాగా లేదు."

లవీనా ఆయనకు పదకొండేళ్ల పెద్ద. తల్లి పోయినప్పుడు ఎర్విన్‌కు మూడేళ్లు. ఆనాటి నుంచి ఆయన్ని చంకనేసుకుని తిరిగింది, అక్షరాలు దిద్దించింది, గడ్డివాము మీంచి పడి చెయ్యి విరిగితే రాత్రంతా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, అన్నీ ఆ అక్కే. ఇరవై రెండేళ్లప్పుడు బస్సు నడిపే వెండెల్ అనే ఇంగ్లీషు మనిషిని చేసుకుని వెళ్లిపోయింది. ఆమిష్ కానివాళ్లంతా ఇక్కడ ఇంగ్లీషువాళ్లే. చర్చిలో ప్రమాణం చేయకముందే వెళ్లింది కాబట్టి వెలి లేదు. కానీ తండ్రి ఉన్నన్నాళ్లూ ఆ గుమ్మంలో ఆమెను రమ్మన్నదీ లేదు, పొమ్మన్నదీ లేదు. తండ్రి పోయాక అక్కాతమ్ముళ్లు మళ్లీ కలిశారు. రెండున్నరేళ్ల కిందట ఎర్విన్ కూతురు మారియెట పెళ్లికి లవీనా వచ్చి, మూడు రోజులుండి, కూతురి పెళ్లికి తల్లి ఏడ్చినట్టు ఏడ్చి వెళ్లింది.

ఆ వేసవిలోనే కొకోమోలోని ఇల్లు అమ్మేసి మొగుడూ పెళ్లాలు మోటార్ హోమ్ కొనుక్కున్నారు. కొనే ముందు తమ్ముణ్ణి అడిగింది. "మా ఫ్యాక్టరీదే తీసుకో అక్కా, కప్పు మా జట్టే వేస్తుంది, చివర సంతకం నాది," అన్నాడు ఎర్విన్. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

పదింటికి బండి వచ్చి బట్టల తీగ పక్కన ఆగింది. పక్కల మీద గోధుమరంగు చారలు ఇంకా మెరుస్తున్నాయి. వెండెల్ దిగి, తలుపు పట్టుకుని దగ్గాడు. ఆ దగ్గు అంత తొందరగా తెమల్లేదు.

"ఏం బావా, పోయిన చలికాలం టెక్సాస్ దుమ్ము ఇంకా వదల్లేదా?" అన్నాడు ఎర్విన్.

"దుమ్ముకేం, బంగారం లాంటి దుమ్ము. ఇది వయసు బావమరిదీ. బండికి రెండేళ్లు, నాకు డెబ్భై ఒకటి. ఇద్దరం ఒకేసారి ముసలివాళ్లమయ్యాం."

లవీనా నవ్వలేదు. మరదలి చేతిలో ఒక మూట పెట్టి, "వెర్నా, ఈ దుప్పట్లు నీ తీగ మీద వేస్తావా? ఎన్నిసార్లు ఉతికినా కంపు పోవడం లేదు," అంది.

"లోపల ఇంకేమైనా ఉన్నాయా వదినా?" అంటూ వెర్నా బండి ఎక్కింది. సోఫా పక్కన, రాత్రిళ్లు వాళ్లు పరుపు వేసుకునే చోట అడుగు పెట్టింది. ఆ పాదం కింద నేల నానిన రొట్టెలా దిగిపోయింది. వెర్నా గోడ పట్టుకుని నిలబడింది. పట్టుకున్న గోడ చల్లగా, జిగురుగా తగిలింది. సోఫా వెనక నల్లటి బూజు మోకాలెత్తున పాకి ఉంది.

"ఏమిటి వదినా ఇది?"

"ఏం చెప్పను. పైన పటారం, లోన లొటారం. కప్పు ముందువైపు జాయింటులోంచి వాన నీరు కారుతోంది. కంపెనీకి రాశాను. ఏడాది గ్యారంటీ దాటిపోయిందట. మూడు నెలలకోసారి పైకెక్కి జిగురు ఎండిందా లేదా చూసుకోవాలని పుస్తకంలో రాశాం, మీరు చూసుకోలేదు, తప్పు మీదే అని జవాబిచ్చారు." లవీనా మొగుడి వైపు తిరిగింది. "ఈ పెద్దమనిషి ఒక్కసారన్నా ఎక్కితే కదా. ఏమయ్యా, ఎక్కావా?"

"ఎక్కలేదు తల్లీ. బద్ధకించాను," అన్నాడు వెండెల్ దుప్పటి కొస పట్టుకుని తీగ మీద సర్దుతూ.

"చూశావా, ఎంత నింపాదిగా చెబుతాడో. అసలు ఈ బండిని ఎలా ఎంచుకున్నానో తెలుసా వెర్నా? షాపులో ఒకేలాంటివి మూడున్నాయి. బీరువా తలుపు లోపల కాగితం మీద కట్టిన తారీఖు చూశాను. మన మారియెట పెళ్లికి ముందురోజు. ఇక రెండోది చూడలేదు. ఇంట్లో పెళ్లి పెట్టుకుని, అంత సంతోషంగా ఉన్న చేతులతో కట్టిన బండి కదా, మంచే జరుగుతుంది అనుకున్నాను. అలాంటి బండిని ఈయన ఒక నిచ్చెన ఎక్కలేక పాడుచేశాడు."

ఎర్విన్ జేబులో చాకు ఉందో లేదో చూసుకున్నాడు. "నేను చూస్తానుండక్కా," అని బండి వెనకనున్న నిచ్చెన ఎక్కాడు.

ఆ ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. ఇన్ని గంటలు అని కాదు, రోజుకు ఇన్ని బళ్లు అని. ఆ లెక్క పూర్తయితే ఎవరింటికి వాళ్లు వెళ్లిపోవచ్చు, అది మధ్యాహ్నమైనా సరే, పొద్దున పదైనా సరే. అందుకని అక్కడ ఎవరూ నడవరు, పరుగెడతారు. ఎర్విన్ చేరిన కొత్తలో రోజుకు నాలుగు బళ్లు. కప్పు వేశాక బండిని వానగదిలోకి తోసి గంటసేపు పైనుంచి నీళ్లు కొట్టేవాళ్లు. ఒకడు లోపల దీపం పట్టుకుని మూలమూలా తడిమేవాడు. ఇప్పుడు రోజుకు పదహారు. వానగదిలో పాత సామాను వేసుకున్నారు. మందం చెక్క పోయి పల్చని చెక్క వచ్చింది, స్క్రూలు పోయి పిన్నులు వచ్చాయి. ఒక్కొక్కటి పోతున్నప్పుడు ఎర్విన్ ఇంటికొచ్చి గొణిగేవాడు. మర్నాడు వెళ్లి అందరికంటే ముందు పరుగెత్తేవాడు. పొలం పనికి త్వరగా రావచ్చు కదా.

కప్పు మీద బోర్లా పడుకుని ముందువైపు జాయింటు చూశాడు. జాయింటు మీది రేకు పట్టీ చుట్టూ పైపైన ఎవరో తెల్ల జిగురు మందంగా మెత్తారు. ఏ బాగుచేసే షాపువాడో అనుకున్నాడు. చాకుతో దాన్ని ఒలిచి, పట్టీ ఎత్తాడు. కింద ఫ్యాక్టరీ బూడిదరంగు జిగురు ఉండాలి. లేదు. చుక్క లేదు. తుప్పు పట్టిన స్క్రూలు, పొడిపొడిగా రాలుతున్న చెక్క.

పెళ్లి ముందురోజు, ఆ బుధవారం మొత్తం కళ్లకు కట్టింది. జట్టులోని తొమ్మిది మందీ చుట్టాలో, పెళ్లిపనివాళ్లో. మర్నాటికి నాలుగు వందల మంది వస్తారు. ఇంటి దగ్గర బెంచీలు దించాలి, అరవై కోళ్లు శుభ్రం చేయాలి. తొమ్మిదింటికి రెండు బళ్లు మిగిలాయనగా జిగురు గొట్టాలు అయిపోయాయి. గోదాము నుంచి తేవడానికి నలభై నిమిషాలు పడుతుందన్నారు. అందరూ ఎర్విన్ మొహం చూశారు. "పట్టీ బిగించేయండి. సోమవారం వచ్చి విప్పి పూద్దాం," అన్నాడు. ఆ మాట అన్నది వేరెవరో అయితే ఎంత బాగుండేది. సోమవారానికి రెండు బళ్లూ షాపులకు వెళ్లిపోయాయి. కాగితం మీద ఆయన సంతకంతోనే వెళ్లాయి.

తర్వాత చాలా రోజులు ఆ రెండు బళ్లూ ఎవరి ఇంటికి వెళ్లాయో అని ఆలోచించేవాడు. అందులో ఒకటి తన అక్క ఎంచి మరీ కొనుక్కుందని కలలో కూడా తట్టలేదు.

కిందికి దిగాక లవీనా అడిగింది. "ఏమైందిరా?"

"జిగురు... కాలం తీరితే ఎండుతుంది కదక్కా," అన్నాడు. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆ మాటతో లవీనా మళ్లీ మొగుడి మీద పడింది. వెండెల్ తలొంచుకుని బట్టల క్లిప్పులు ఏరుతున్నాడు. ఎర్విన్ అక్కడ నిలబడలేక వంటింట్లోకి వచ్చేశాడు.

వెర్నా వెనకే వచ్చి తలుపు చేరవేసింది. "పైన ఏముంది?"

"ఏముంటుంది. జాయింటు వదిలింది."

"వదిలిందా, అసలు పుయ్యలేదా?"

ఆయన కుండలోంచి నీళ్లు ముంచుకుని తాగాడు.

"ఆ బుధవారం మీరు తొమ్మిదీ ముప్పావుకే ఇల్లు చేరారు. నాకు బాగా గుర్తు. ఏనాడూ అంత పెందలాడే రాలేదు. ముందురోజు సాధించింది నేనే కదా, పిల్ల పెళ్లికి కూడా ఫ్యాక్టరీయేనా, బెంచీలు నేను మొయ్యాలా అని." వెర్నా బంగాళాదుంపలు తొక్కు తీస్తూనే మాట్లాడుతోంది. "ఇందులో నా పాలు కూడా ఉంది."

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది వెర్నా. నేనిప్పుడు నోరు తెరిస్తే జట్టులో తొమ్మిది మంది పేర్లు బయటికొస్తాయి. అల్లుడి అన్నదమ్ములే ముగ్గురున్నారు. పైగా అక్క... ఈ ప్రపంచంలో అక్క ఒక్కతే నన్ను మంచివాడనుకుంటుంది."

"వాళ్ల పేర్ల సంగతి తర్వాత. మీరు పడాల్సిన మాటలు బయట ఆ ముసలాయన పడుతున్నాడు. నాకు చూడబుద్ధి కావడం లేదు."

మధ్యాహ్నం నలుగురూ బల్ల దగ్గర కూర్చున్నారు. తలలు వంచి మౌనంగా ప్రార్థన చేసుకున్నారు. ఎర్విన్ తల అందరికంటే ఆలస్యంగా లేచింది. మెదిపిన బంగాళాదుంప మీద నూడుల్స్, వాటి మీద ఎర్రగా కాచిన వెన్న. లవీనాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఇవాళ మాత్రం కెలుకుతోంది.

"ఎర్వినూ, దాచకుండా చెప్పు. ఆ నేల తీసి కొత్తది వెయ్యడానికవుతుందా?"

"అవదక్కా. గోడల్లో కర్ర కూడా పోయింది. ముట్టుకుంటే రాలుతోంది."

"అయితే అందులో ఉండడానికి లేదన్నమాట."

"బావ దగ్గు అందుకే. ఆ బూజు పీలుస్తూ పడుకోకూడదు."

లవీనా చెంచా కింద పెట్టింది. "విన్నావా వెండెల్? ఇల్లు అమ్మాం. బండి పోయింది. ఈ వయసులో చలికాలం ఎక్కడ తలదాచుకుంటాం? పుస్తకంలో పెద్దక్షరాలతో రాశారు, మూడు నెలలకోసారి ఎక్కమని. స్కూలు బస్సు నడిపినన్నాళ్లూ రోజూ టైర్లు తన్ని చూసిన మనిషివి, సొంత ఇంటి కప్పు చూసుకోవడానికి ఏం పుట్టింది? నలభై ఆరేళ్లు కాపురం చేశాను, నువ్వింత నిర్లక్ష్యం మనిషివని తెలీలేదు."

"నిజమే. నాదే తప్పు," అన్నాడు వెండెల్. ఎదురు ఒక్క మాట అనలేదు. ఆ మాట ఎన్నోసారి చెప్పాడో, నోరు అలవాటుగా తిరిగింది.

ఎర్విన్ కంచం పక్కకు జరిపాడు.

"అక్కా, బావది తప్పు కాదు."

"నువ్వు వెనకేసుకు రాకురా. ఆయనే ఒప్పుకుంటున్నాడు."

"ఆయన రోజూ ఎక్కి చూసినా ఆ బండి కారేది. ఆ జాయింటులో అసలు జిగురే లేదు. మేం పుయ్యలేదు. నేనే వద్దన్నాను." ఆపకుండా చెప్పాడు. జిగురు అయిపోవడం, నలభై నిమిషాలు, సోమవారం అన్న మాట, సంతకం, అన్నీ చెప్పాడు. "పొద్దున పట్టీ ఎత్తగానే తెలిసింది. తెలిసి కూడా కాలం తీరిందని నీకు చెప్పాను. భయపడ్డాను."

లవీనా తమ్ముడి మొహాన్ని చూస్తూ ఉండిపోయింది, ఎవరో కొత్తమనిషిని చూసినట్టు.

"నలభై నిమిషాలు," అంది చివరికి. "నీ చెయ్యి విరిగిన రోజు తెల్లవార్లూ కదలకుండా కూర్చున్నాను, నీ నిద్ర చెడుతుందని. నీకు నలభై నిమిషాలు ఆగడం కుదరలేదు."

"అది నీ బండి అని తెలిస్తే..."

"తెలిస్తే పూసేవాడివి. తెలీకపోతే ఎవడి కొంపో మునగొచ్చు. అంతేగా? ఆ రెండో బండి ఎవరిది? వాళ్లకీ ఎవరో ఒక తమ్ముడు ఉంటాడు."

వెర్నా తెల్లటి ముందుగుడ్డ కొసతో కళ్లొత్తుకుంది. "పెందలాడే రమ్మని పోరింది నేను వదినా," అంది. ఎవరూ ఆ మాట పట్టించుకోలేదు.

"ఇక చాల్లే లవీనా," అన్నాడు వెండెల్. "నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"జిగురు లేదని. కొన్న మూడు నెలలకే ఎక్కాను. నువ్వు బట్టలు ఉతకడానికి వెళ్లినప్పుడు. పుస్తకంలో చెప్పినట్టే పట్టీ అంచు ఎత్తి చూశాను. ఎండిపోయిన జిగురు వేరు, ఎన్నడూ పుయ్యని చోటు వేరు. ఆ మాత్రం నాకు తెలుస్తుంది. మూడు గొట్టాలు కొనుక్కొచ్చి నేనే మెత్తాను. సరిపోతుందనుకున్నాను. అప్పటికే ఆ వేసవి వానలు లోపలికి దిగిపోయాయని నాకు తట్టలేదు. అది నా తెలివితక్కువతనం. కాబట్టి నా తప్పు కూడా ఉంది."

ఆ తెల్ల జిగురు ఎవరు మెత్తారో ఎర్విన్‌కు అప్పుడు తెలిసింది.

లవీనా కుర్చీ ఆయన వైపు తిప్పింది. "అప్పటికి గ్యారంటీ ఉంది కదా. కంపెనీకి చెబితే ఊరికే బాగుచేసేవాళ్లు కదా."

"చెబితే కాగితాలు తీసేవాళ్లు. ఆ కాగితం మీద ఎవరి సంతకం ఉంటుందో నువ్వే నాకు పదిసార్లు చెప్పావు, మా తమ్ముడిది, మా తమ్ముడిది అని." వెండెల్ కొంచెం దగ్గి, నీళ్లు తాగాడు. "నన్ను చేసుకున్నందుకు పాతికేళ్లు నువ్వీ ఇంటి గుమ్మం తొక్కలేదు. మీ నాన్న పోయాక ఏదో ఒకలా కలిశారు. పెళ్లి నుంచి వచ్చాక నెల్లాళ్లు నీ మొహం వెలిగిపోయింది. ఆ మొహం మీద ఈ మాట ఎలా చెప్పను? బండిదేముంది, రేకూ చెక్కా. తమ్ముడు నీకు ఒక్కడే."

"రెండేళ్లు నిన్ను తిట్టాను."

"తిట్టావు. అంతకుముందు నలభై నాలుగేళ్లు తిట్టకుండా ఉన్నావా ఏమిటి? అందులో కలిసిపోతుందిలే అనుకున్నాను."

లవీనా నవ్వబోయింది. కుదరలేదు. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని పసిపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. ఏం చేయాలో తోచక వెండెల్ ఆమె వీపు మీద చెయ్యి వేసి నిమిరాడు.

ఎర్విన్ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి వెండెల్ కుర్చీ ముందు రెండు మోకాళ్ల మీదా కూర్చున్నాడు. చర్చిలో సంఘమంతా చూస్తుండగా తప్పు ఒప్పుకునేవాడు ఎలా కూర్చుంటాడో అలా, వెన్ను నిటారుగా, చేతులు ముందుకు కట్టుకుని.

"తొందరపడి తప్పు చేశాను. నా తప్పు నీ మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. సోమవారం ఫ్యాక్టరీలో ఈ మాటే చెబుతాను, నా ఒక్కడి పేరుతో. రెండో బండి ఎక్కడుందో వెతికిస్తాను. మీ ఇల్లు మళ్లీ తెచ్చివ్వలేను. పెరట్లో నాన్న చివరిదాకా ఉన్న చిన్న ఇల్లు ఖాళీగా ఉంది, అది మీదనుకోండి. నన్ను క్షమించమని అడుగుతున్నాను బావా."

వెండెల్ కంగారుపడ్డాడు. "అయ్యో, లే బావమరిదీ, ఏమిటిది? నేనెప్పుడో క్షమించాను. లే."

ఎర్విన్ లేవలేదు. తల వంచుకుని అలాగే ఉన్నాడు. వెండెల్ భార్య వైపు, వెర్నా వైపు బిత్తరగా చూశాడు. "లేవమంటే లేవడేం?"

వెర్నా లవీనా వైపు చూసింది. ఆ మాట చెప్పాల్సింది తాను కాదని ఆమెకు తెలుసు.

లవీనా చేతులు మొహం మీంచి తీసింది. ఆ చర్చి వదిలేసి నలభై ఆరేళ్లు. ఆ మోకాళ్ల భాష ఇంకా మర్చిపోలేదు.

"నోటితో చెబితే లేవడు," అంది బొంగురు గొంతుతో. "చెయ్యివ్వాలి. తప్పు మోసినవాడు చెయ్యిచ్చి పైకి లేపితేనే వాడు లేవొచ్చు. మా వాళ్ల పద్ధతి అది."

వెండెల్ చెయ్యి చాపాడు. ఎర్విన్ పట్టుకున్నాడు. ముసలాయన లాగబోయాడు గానీ దగ్గు తెర కమ్ముకొచ్చి బలం చాలలేదు. ఎర్విన్ తనంతట తాను లేవడానికి ఏ మాత్రం కదల్లేదు. అలా కదిలితే లెక్కలోకి రాదు. ఆ రెండు చేతులూ గాలిలో ఊగుతూ ఉండిపోయాయి.

లవీనాకు ఇంకా కోపం పోలేదు, అది మొహంలోనే ఉంది. అయినా లేచి వచ్చి, తమ్ముడి రెండో చంక కింద చెయ్యి దూర్చి, చిన్నప్పుడు ఎత్తుకున్నట్టే బలంగా పైకి ఎత్తింది. ఎర్విన్ నిలబడి ఆమె భుజం మీద మొహం దాచుకున్నాడు. అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు బయటికి వచ్చింది.

"ఏడవకు. నీ మీద నాకింకా కోపంగానే ఉంది," అంది లవీనా, ఆయన వీపు వదలకుండా. తర్వాత మొగుడి వైపు తిరిగింది. బల్ల అంచు పట్టుకుని మెల్లగా వంగబోయింది. "ఇప్పుడు నేను. రెండేళ్ల మాటలున్నాయి నా నెత్తిన."

వెండెల్ ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపాడు. "నీ మోకాళ్లతో అయ్యే పని కాదు. నిన్ను లేపే బలం నాకూ లేదు. వచ్చి పక్కన కూర్చో, నూడుల్స్ చల్లారిపోతున్నాయి."

లవీనా కూర్చుంది. తన కంచంలోది సగం ఆయన కంచంలోకి మార్చింది. వెండెల్ తినడం మొదలుపెట్టాక గానీ తాను చెంచా ముట్టుకోలేదు.